బొంగులో చికెన్: అడవి నుంచి మెనూ దాకా

అరకు వెళ్తే రోడ్డు పక్కన ఆగి బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు కదా. ఇది ఏ హోటల్ వాళ్లో కనిపెట్టిన ఐటెమ్ కాదండీ, గిన్నె అక్కర్లేని అడవి వంట. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. అందుకే నూనె చుక్క కూడా పడదు. ఎండు బొంగు పెట్టారో, కూర కంటే ముందు అదే కాలిపోతుంది!

మరి మనల్ని అక్కడికి చేర్చిందేంటి? రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్ పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. టూరిస్టులు ఆ తర్వాతి సంగతి.

అరకు కాఫీ ఇంకా దూరం వెళ్లింది. 2017లో ప్యారిస్‌లో షాపే తెరిచారు, 2019లో అరకు అరబికాకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఊరి పేరుకి విలువెంతో ఫ్రాన్స్ వాళ్లకి బాగా తెలుసు. రోక్‌ఫోర్ చీజ్ పేరు కాపాడ్డానికి 1925లోనే చట్టం చేశారు. మరి హైదరాబాద్ రెస్టారెంట్ మెనూలో బొంగు చికెన్ ఉంటే, ఆ బిల్లులో కొండ మీద వాళ్లకి ఎంత వెళ్తుంది?

నేనైతే అరకులోనే తింటాను. కాల్చే అక్కని ముందే అడుగుతాను, బొంగు ఇవాళ కొట్టిందేనా అని.