ఉప్పెన నేర్పిన పాఠము



కృష్ణానది సాగరమున గలియుచోట నేల మిక్కిలి పల్లము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో గూడి సముద్రము బందరు పట్టణముపైకి పొంగివచ్చినది. సుమారు 30,000 మంది మృతులైరి. 1977 నవంబరు 19న మరల నట్టి యుప్పెనయే దివిసీమను ముంచివేసినది. ప్రభుత్వపు లెక్కనుబట్టియే అప్పటి మృతులు సుమారు 10,000 మంది.

గాలి యందఱిపై నొకేతీరున వీచినను, మృతులలో నెక్కువమంది పేదలే. మేడగలవాడు మేడనెక్కి బ్రతుకగలడు. తాటియాకుల పాకలో నున్న జాలరియు, పొలము కాచు కూలివాడును ఎచటి కెక్కగలరు? సముద్రమే జీవనాధారమగుటచే జాలరి తీరమును విడువలేడు గదా!

ఆ దుఃఖానంతరము తీరగ్రామములందు ఎత్తైన తుపాను రక్షణ భవనములు వెలసినవి. 1990 మే 9న ప్రచండమైన తుపాను కృష్ణాముఖప్రాంతమున తీరము దాటినది. ఈసారి లక్షలకొలది జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. సముద్రము మారలేదు, సకాలమున వార్తయు, నిలువ నీడయు లభించినవి.

నేడు భూగోళము వేడెక్కుచు, సముద్రమట్టము పెరుగుచున్నది. కావున మడయడవులను కాపాడుట, బాటలను బాగుచేయుట, రక్షణ భవనములను సిద్ధముగ నుంచుట తీరవాసులకు మనము తీర్పవలసిన బాకీ. భవనమునకు తాళమువేసి మఱచితిమేని, ఉప్పెన వచ్చిననాడు తాళపుచెవి వెదకుటకు వ్యవధి యుండదు.