కాగితం మీద గుర్రాలు, రోడ్డు మీద గుర్రాలు

ట్రాక్టరు కొనేటప్పుడు మనం మొదట అడిగేది "ఎన్ని హెచ్.పి.?" అనే కదా. ఆ ఒక్క అంకె కోసమే అమెరికాలో కార్ల కంపెనీలు 1964 నుంచి 1971 దాకా పోటీలు పడ్డాయి. ఆ చరిత్ర మనకూ పనికొస్తుందని రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మధ్యరకం కారులో పెద్ద వి8 ఇంజను బిగించి అమ్మితే దాన్ని మజిల్ కారు అన్నారు. 1964లో పాంటియాక్ జీటీఓతో ఈ ఊపు మొదలైంది. దాని ఇంజను 389 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 6.4 లీటర్లు.

అదే ఏడాది ఫిబ్రవరిలో డేటోనా 500 రేసుకి క్రైస్లర్ వాళ్లు 426 హెమీ ఇంజను తెచ్చారు. దీని హెడ్డులో మంట మండే చోటు సగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. పెద్ద వాల్వులు ఎదురెదురుగా పడతాయి. గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు పొగగా పోతుంది. రిచర్డ్ పెట్టీ ప్లిమత్ బండితో గెలిచాడు, మొదటి మూడు స్థానాలూ హెమీలవే. జనానికి అమ్మని ఇంజను రేసులో కుదరదని 1965లో నాస్కార్ వాళ్లు అడ్డం పెట్టారు. దాంతో 1966లో హెమీని మామూలు కార్లలో పెట్టి అమ్మారు. కాగితం మీద 425 హెచ్.పి.

ఫోర్డ్ వాళ్లది 428 కోబ్రా జెట్, 1968లో వచ్చింది. కాగితం మీద 335 హెచ్.పి. మాత్రమే. కానీ అమ్మకానికి రాకముందే పొమోనా డ్రాగ్ రేసుల్లో ముస్టాంగ్‌లో గెలిచి చూపించింది. మరి అంకె ఎందుకు తగ్గించి రాశారు? హార్స్ పవర్ ఎక్కువ ఉన్న బండికి ఇన్సూరెన్స్ వాళ్లు ప్రీమియం బాదేవాళ్లు. రేసుల్లో తరగతి కూడా ఆ అంకెను బట్టే ఉండేది.

1970లో షెవర్లే 454 ఎల్ఎస్6 వచ్చింది, 450 హెచ్.పి. రాశారు. అదే ఏడాది బ్యూక్ 455 స్టేజ్ 1కి రాసింది 360 మాత్రమే. కాగితం చూస్తే బ్యూక్ హెమీ, ఎల్ఎస్6ల కన్నా బాగా వెనకే అనిపిస్తుంది. కానీ టార్క్ చూడండి. హెమీకి 4000 ఆర్పీఎం దగ్గర 490 పౌండ్-ఫీట్లు. ఎల్ఎస్6కి 3600 దగ్గర 500. బ్యూక్‌కి 2800 దగ్గరే 510! పైగా హెమీ కన్నా బరువు తక్కువ. అందుకే సిగ్నల్ దగ్గర్నుంచి లాగడంలో బ్యూక్ దేనికీ తీసిపోలేదు. క్వార్టర్ మైలు, అంటే 400 మీటర్లు, ఇవన్నీ 13, 14 సెకన్ల మధ్యే కొట్టేవి.

మరి హెమీ గొప్పదనం ఏంటి? పై ఆర్పీఎంలో ఊపిరి ఆడటం. పొడుగాటి రేసు ట్రాకు మీద దానిదే రాజ్యం. ఊళ్లో తిరగడానికి మాత్రం రెండు కార్బ్యురేటర్లు సరిగ్గా కుదరాలి, ఖర్చూ ఎక్కువ. డ్రాగ్ రేసుల్లో టాప్ ఫ్యూయెల్ ఇంజన్లు ఇప్పటికీ ఆ నమూనావే.

ఇంకో కిటుకు ఉంది. అప్పటి హెచ్.పి.ని సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు లేకుండా ఇంజనును బల్ల మీద పెట్టి కొలిచేవాళ్లు. అన్నీ బిగించి కొలిచేసరికి 1971లో అదే హెమీ 425 నుంచి 350కి దిగింది. ఇంజను మారలేదు, కొలిచే పద్ధతి మారింది. 1972 నుంచి అందరూ ఈ కొత్త లెక్కే రాశారు. పొగ చట్టాలు, తక్కువ సీసం పెట్రోలు, ఆ మీదట 1973 చమురు కరువు వచ్చి ఆ పోటీ ముగిసింది.

నా లెక్కలో లాగడానికి బ్యూక్, పరుగుకి హెమీ, చెప్పినదానికన్నా ఎక్కువ చేసినది ఫోర్డ్. ట్రాక్టరు షోరూంలో కూడా ఇంజను హెచ్.పి. ఒకటి, పీటీఓ హెచ్.పి. ఒకటి ఉంటాయి. రెండోది ఎప్పుడూ తక్కువే. రోటవేటరు తిప్పేది ఆ రెండోదే. టార్క్ ఎంత, ఏ ఆర్పీఎం దగ్గర అని అడగండి. లక్షలు పెట్టేది మనం, అడిగే హక్కు మనది.