క్లూన్ గొలుసులు: 1798 ఫ్రెంచి దండయాత్రపై ఐరిష్ జనశ్రుతి

ఐర్లండు పశ్చిమ ప్రాంతపు మౌఖిక సంప్రదాయంలో 1798కి ‘ఫ్రెంచివాళ్ల ఏడు’ అని పేరు. ఆ ఏడు ఆగస్టు 22న జనరల్ హంబర్ట్ నాయకత్వంలో వెయ్యిమందికి పైగా ఫ్రెంచి సైనికులు మేయో తీరాన, కిలాలా సమీపంలో దిగారు. 27న కాసిల్‌బార్ వద్ద ప్రభుత్వ సేనను తరిమికొట్టారు. స్థానిక తిరుగుబాటుదారులను వెంటబెట్టుకొని తూర్పుదిక్కుగా సాగి, సెప్టెంబరు 8న బాలినమక్ వద్ద లొంగిపోయారు.

లొంగుబాటుకు ముందురాత్రి సైన్యం లీట్రిమ్ కౌంటీలోని క్లూన్ గ్రామంలో విడిసింది. అలసిన సేనానులు రెండు గంటల్లో లేపమని చెప్పి పడుకోగా కావలివారు నాలుగు గంటలు నిద్రపోనిచ్చారనీ, ఈలోగా ఫిరంగులను లాగే గొలుసులను ఎవరో అపహరించారనీ ఆ ప్రాంతపు జనశ్రుతి.

సైనిక చరిత్ర దృష్టిలో ఈ కథకు విలువ స్వల్పం. హంబర్ట్‌ను చుట్టుముట్టిన బలగాలు అతని సేనకు అనేక రెట్లు. వాటికి అధిపతి కారన్‌వాలీసు. 1792లో శ్రీరంగపట్నం వద్ద టిప్పును లొంగదీసినవాడు ఇతడే. గొలుసులు దక్కినా ఫలితం మారేది కాదు. అయితే గ్రామం అడిగిన ప్రశ్న వేరు. లొంగిపోయిన ఫ్రెంచివారిని యుద్ధఖైదీలుగా గౌరవించి, డబ్లిన్ మీదుగా స్వదేశానికి పంపారు. వారి పక్కన నిలిచిన ఐరిష్ రైతులను మాత్రం పొలాల్లో వెంటాడి నరికారు, పలువురిని ఉరితీశారు. ఫ్రెంచివారికి దారిచూపిన లహర్డేన్ మతగురువు ఆండ్రూ కాన్రాయ్‌కి కాసిల్‌బార్‌లో ఉరిశిక్ష పడింది. ఇంతటి అసమానతను చూసిన ఊళ్లు పరాజయానికి కారణం వెదకక మానవు. గొలుసుల కథ నిందను అతిథిపై గాని పోరాడినవారిపై గాని మోపదు. చీకటిలో చేయి చాచిన ఒక ఇంటిదొంగపై మోపుతుంది. పైగా ఫిరంగి మర్మం ఎరుగని రైతుకూ గొలుసు తెలుసు. అది పోతే బండి కదలదనీ తెలుసు. కథ నిలిచింది ఆ పరిచయం వల్లనే కావచ్చు.

ఈ స్మృతులు ఆలస్యంగానే అక్షరబద్ధమయ్యాయి. రిచర్డ్ హేస్ ఆ సైన్యం నడిచిన దారి వెంట వృద్ధులను కలిసి సేకరించిన కథనాలు 1937లో గ్రంథంగా వెలువడ్డాయి. ఆ ఏడే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ బడిపిల్లల చేత తమ ఊరి కథలు రాయించసాగింది; సుమారు 5,000 పాఠశాలలు పాల్గొన్నాయి. 2007లో గయ్ బైనర్ ఈ సామగ్రిని దోషభూయిష్ఠమైన సాక్ష్యంగా తోసివేయక, గ్రామీణులు తమకై తాము నిర్మించుకున్న చరిత్రగా పరిశీలించాడు. క్లూన్ కథకు ఈ పద్ధతే తగినది: అక్కడ గొలుసులు నిజంగా పోయాయా అన్నదానికన్నా, అవి పోయాయని తరతరాలుగా ఎవరు ఎవరికి చెప్పుకున్నారన్నది పరిశోధకునికి ఎక్కువ అవసరం.