లక్క ప్లేటు మీద తెలుగు గొంతు

పాత కృష్ణా జిల్లాలోని వినగడప, తిరువూరు, మైలవరం చుట్టుపక్కల ఒకప్పుడు పద్యనాటకం బాగా పండింది. మైలవరం జమీందారు ఆదరణలో నడిచిన బాలభారతీ నాటక సమాజంలో యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వేషాలు కట్టారు, దైతా గోపాలం సంగీతం నడిపారు. అప్పటి రంగస్థలం గొంతులు గ్రామఫోను ప్లేట్లకూ ఎక్కాయి. కపిలవాయి పద్యాల ప్లేట్లంటే జనం చెవికోసుకున్నారు. నాటకం ఎప్పుడో వచ్చిపోయేది, ప్లేటు మాత్రం కీ ఇచ్చినప్పుడల్లా పాడేది. సినిమాతో పనిలేకుండా తెలుగువాళ్లు కొనుక్కుని విన్న పాటకు మొదటి మెట్టు ఈ పద్యాల ప్లేట్లేనని నా నమ్మకం.

ఇక ప్లేట్ల సంగతికి వస్తే, 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఇక్కడికి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఆ దూరం తగ్గింది. ప్లేటుకు ముఖ్యమైన సరుకు లక్క. మన అడవి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కే ఓడెక్కి సీమకు వెళ్లి, పాటగా మారి తిరిగొచ్చేదన్నమాట.

పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పాట. రంగస్థలం మీద నటుడు పద్యం చివర రాగం తీస్తే, జనం 'వన్స్ మోర్' అంటే, ఎంతసేపైనా సాగేది. ప్లేటు దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. ముల్లు మధ్య చీటీని చేరేలోగా రాగం అందుకోవాలి, పద్యం చెప్పాలి, ముగించాలి. గాయకుడు దేన్ని ఉంచుకున్నాడు, దేన్ని వదులుకున్నాడు అని వింటే అతని సంగీతజ్ఞానం తేలిపోతుంది. నాటకం ప్లేట్లను పాతకాలపు కేకలని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి మీద మనసు పెట్టి వినాలి.

ఆ మూడు నిమిషాలకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది లలితగీతం. పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో కాస్త వాద్యం, అంతే. 1930ల నుంచి మద్రాసులో రికార్డింగు జోరందుకుంది. గ్రామఫోన్ కంపెనీ ముద్ర హెచ్‌ఎంవీకి పోటీగా సరస్వతీ స్టోర్స్ ఓడియన్ ప్లేట్లు తెచ్చింది. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ల వయసులోనే ప్లేటుకు పాడారు. 1940లలో సాలూరి రాజేశ్వరరావు సొంత గొంతుతో, బాలసరస్వతితో కలిసీ పాడిన గీతాల్లో శాస్త్రీయ రాగం ఉంది, వంగదేశపు మెత్తదనం ఉంది, పాశ్చాత్య వాద్యాల పలుకూ ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి కవి, స్వరకర్త వాళ్లకు తోడయ్యారు. ఎం.ఎస్. రామారావు తన గంభీరమైన గొంతుతో వేరే దారి తొక్కారు. శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' సినిమా కోసం రాసిన 'మా తెలుగు తల్లికి' ఆ సినిమాలోకి ఎక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి దాన్ని ప్లేటు మీద పాడాకే ఇంటింటి పాటయింది. 

మరి ఇంత సంగీతం ఏమైంది? సినిమా పాట వచ్చి మీద పడింది. ఎక్కువసేపు పాడే ఎల్పీలు వచ్చాయి, 1970 నాటికి 78 ప్లేట్ల పని అయిపోయింది. ఘంటసాల 'పుష్పవిలాపం', ఆయన పోయాక వెలువడిన భగవద్గీత నిలబడ్డాయి. మిగతావి ఎక్కువభాగం అటకెక్కాయి, పగిలాయి, పాత సామాన్ల బండికి తూకానికి వెళ్లాయి.

ఇలా మరుగునపడ్డ సంగీతం మరోచోట తిరిగి వెలుగులోకి వచ్చింది. ఫిన్లండ్‌లో 1966లో పుట్టిన లవ్ రికార్డ్స్ అనే సంస్థ అక్కడి జాజ్, ప్రోగ్రెసివ్ సంగీతాన్ని అచ్చువేసి 1979లో దివాలా తీసింది. ఆ ఆల్బములు ఇప్పుడు మళ్లీ కొత్తగా ముద్రణకు వస్తున్నాయి. తెలుగు చాలా పెద్ద భాష. అయినా మన ప్లేట్లకు అలాంటి వరుస పునర్ముద్రణ జరగలేదు. ఆ లోటును సేకర్తలు తమ ఇళ్లలో కొంత పూడ్చారు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ 78 ప్లేట్లు పోగుచేసి, వాటి చరిత్ర రాశారు. ముంబైలో 1990లో రికార్డు సేకర్తల సంఘం ఏర్పడింది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ తొలినాటి భారతీయ రికార్డుల పట్టికలు తయారుచేశాడు. చీటీ మీది నంబరు, చీటీ చుట్టూ నున్నటి చోట ముద్రించిన మాట్రిక్స్ నంబరు కలిపి చూస్తే ఏ ప్లేటు ఏ కాలానిదో పోల్చుకోవచ్చు.

వినగడపలో గానీ, మరో ఊళ్లో గానీ మీ అటక మీద అలాంటి ప్లేటు కనబడితే స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా, ఎండ తగలని చోట పెట్టండి. తుప్పు ముల్లుతో పాడించకండి. 78 ప్లేటు గాడి ఎల్పీ గాడి కన్నా వెడల్పు కాబట్టి దానికి తగిన ముల్లే వాడాలి. రెండు వైపుల చీటీలనూ, మాట్రిక్స్ నంబర్లనూ ఫోనుతో ఫొటో తీసి, తెలిసిన సేకర్తకు పంపండి. పగిలినా పారేయకండి, ఆ ముక్క మీది నంబరు కూడా పనికొస్తుంది.