గీతల చెక్కుబందీ

ఊళ్ళో పొలమో, ఇంటిస్థలమో కొన్నవాళ్ళకి దస్తావేజులో చెక్కుబందీ అనే భాగం ఉంటుందని తెలుసు. తూర్పు: ఫలానావారి పొలం. దక్షిణం: పంచాయతీ రోడ్డు. పడమర: పంటకాలువ. ఉత్తరం: మరొకరి దొడ్డిగోడ. ఆ భూమి భూగోళం మీద ఎక్కడ ఉందో ఈ నాలుగు పంక్తులూ చెప్పవు. దానికి ఇరుగుపొరుగు ఎవరో మాత్రం చెబుతాయి. విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన కుదరక పేచీ వస్తే, మామూలుగా హద్దుల మాటే నెగ్గుతుంది.

అమెరికాలో కంప్యూటరుతో పటాలు గీయడం మొదలైన రోజుల్లో, మన చెక్కుబందీ ఊసే తెలియని కొందరు వేరే దారిన వచ్చి ఈ సూత్రం దగ్గరికే చేరారు. వాళ్ళని అక్కడిదాకా నడిపించింది భూమి తగాదా కాదు, జనాభా లెక్క. ఈ దేశంలో మనం ఎంతమందిమి, ఎక్కడెక్కడ ఉన్నాం అన్న లెక్క ఇవాళ్టికీ ఆ గీతల మీదే నిలబడి ఉంది కనుక, ఆ కథ మనమూ తెలుసుకోదగ్గదే.

కంటికి కలిసినంత మాత్రాన...

కాగితం మీది పటాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి చాలాకాలం వాడిన సాధనం డిజిటైజర్ బల్ల. పటాన్ని దానిమీద అతికించి, మౌస్ లాంటి పనిముట్టుని పట్టుకుని కూర్చుంటారు. దాని అద్దంలో కూడిక గుర్తులా రెండు సన్నటి గీతలుంటాయి. రోడ్డు వంపు తిరిగిన ప్రతిచోటా ఆ గుర్తుని ఆనించి మీట నొక్కితే ఒక బిందువు నమోదవుతుంది. ఆ బిందువుల్ని వరసగా కలిపితే గీత.

చిక్కంతా గీత ముగిసేచోట వస్తుంది. ఒక చిన్నవీధి వెళ్ళి పెద్దరోడ్డుకి తగలాలి. మనిషి చెయ్యి కదా, వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది, లేదా వెంట్రుకవాసి దాటిపోతుంది. అచ్చువేసి చూస్తే రెండూ కలిసినట్టే ఉంటాయి. మన కంటికి అది కూడలి. కంప్యూటరుకి మాత్రం అవి ఒకదానికొకటి ఏమీ కాని రెండు గీతలు. పక్కపక్కనున్న రెండు బ్లాకుల ఉమ్మడి హద్దుని రెండుసార్లు గీస్తే ఇంకో తంటా. ఆ రెండు గీతలూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడవు. మధ్యలో ఎవరికీ చెందని సన్నటి చీలికలు మిగిలిపోతాయి.

ఇలా గీసిన పటాలకి ఆ రంగంలో స్పగెటీ అని పేరు పెట్టారు. మనవాళ్ళయితే సేమ్యా అనేవారేమో. గిన్నెలో పోగులన్నీ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి, కానీ దేనికీ దేనితోనూ సంబంధం ఉండదు. బొమ్మ చూసుకోవడానికి సేమ్యా చాలు. మనుషుల్ని లెక్కపెట్టడానికి చాలదు.

న్యూహేవెన్ ప్రయోగం

1960లలో సెన్సస్ బ్యూరో ఇంటింటికీ మనిషిని పంపే పద్ధతి నుంచి ఫారాలని పోస్టులో పంపి, తిరిగి పోస్టులోనే తెప్పించుకునే పద్ధతికి మారుతోంది. లెక్కలు రాసే మనిషి ఇంటిముందు నిలబడితే ఆ ఇల్లు ఏ బ్లాకులో ఉందో చూసి రాసుకుంటాడు. పోస్టులో వచ్చిన ఫారానికి ఉన్న ఆధారం చిరునామా ఒక్కటే. ఫలానా వీధిలో 142 నంబరు ఇల్లు ఏ బ్లాకు కిందికి వస్తుందో కంప్యూటరే తేల్చాలి. పైగా, నియోజకవర్గాల జనాభా సమానంగా ఉండాలని సుప్రీంకోర్టు 1964లో వరసగా తీర్పులిచ్చింది. వీధికి ఈ పక్కనున్న ఇల్లు ఆ పక్క బ్లాకులో పడితే, అది గుమాస్తా లెక్కల్లో తప్పుతో పోదు. ఓటు విలువ దాకా వెళుతుంది.

ఈ మార్పుకి కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ ప్రయోగశాల అయింది. 1967లో అక్కడ పనిచేసిన బృందానికి బ్యూరోలోని గణితవేత్త జేమ్స్ కార్బెట్ ఒక దారి చూపించారు. ఆకారాలని సాగదీసినా, వంచినా చెదరని సంబంధాలని చదివే టోపాలజీ అనే గణితశాఖని ఆయన వీధుల పటానికి అన్వయించారు. ఆ పద్ధతికి పెట్టిన పేరు డైమ్.

అందులో రెండు కూడళ్ళ మధ్యనున్న వీధిముక్క ఒక్కొక్కటీ ఒక్కో నమోదు. ఏ కూడలి నుంచి ఏ కూడలికి వెళుతుంది? ఎడమపక్క ఏ బ్లాకు, కుడిపక్క ఏ బ్లాకు? ఎడమపక్క ఇంటినంబర్లు ఎంతనుంచి ఎంతదాకా, కుడిపక్క ఎంతనుంచి ఎంతదాకా? ఇంతే. ఇది చెక్కుబందీ కాకపోతే మరేమిటి!

దీని గొప్పతనం తనిఖీలో ఉంది. ఒక బ్లాకు నంబరు ఎడమగానో కుడిగానో ఉన్న వీధిముక్కలన్నీ పోగుచేసి, కూడలి నంబర్లని బట్టి ఒకదాని కొస ఇంకోదానికి తగిలిస్తూ పోవాలి. బయలుదేరిన కూడలికే తిరిగొస్తే బ్లాకు మూసుకున్నట్టు. రాకపోతే ఒక ముక్క పోయిందన్నమాట, లేదా ఎవరో ఎడమని కుడిగా రాశారన్నమాట. అలాగే ఒక కూడలి చుట్టూ ప్రదక్షిణ చేస్తే బ్లాకులు వరస తప్పకుండా రావాలి. కూడళ్ళు ఒక సాక్షి, బ్లాకులు రెండో సాక్షి. ఇద్దరినీ విడివిడిగా విచారించి, మాట కలుస్తుందో లేదో చూడటమే డైమ్ పద్ధతి. ఈ విచారణకి కొలతలతో పని లేదు. వీధి పటంలో కాస్త వంకరగా పడినా, బారెడు పక్కకి జరిగినా, ఎవరి పక్కన ఎవరున్నారన్నది నిజమైతే చాలు.

ఎంత దగ్గరైతే ఒకటి?

అయితే చేత్తో గీసిన గీతల కొసలు అసలు కలిసేదెలా? హోవర్డ్ ఫిషర్ 1965లో హార్వర్డ్‌లో స్థాపించిన కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రయోగశాల 1970లలో ఈ ప్రశ్నతో కుస్తీ పట్టింది. ఇంత దూరంలోపు ఉన్న కొసలన్నిటినీ ఒకే బిందువుగా కలిపెయ్యమని కంప్యూటరుకి ఒక హద్దు చెప్పాలి. ఆ హద్దు మరీ చిన్నదైతే కలవవలసినవి కలవవు. మరీ పెద్దదైతే కలవకూడనివి కలిసిపోతాయి. సన్నటి సందుకి రెండు అంచులూ ఒకటై, మధ్యలో సందే మాయమవుతుంది. ఎంత పెట్టాలో గణితం చెప్పదు, పటం తెలిసిన మనిషే చెప్పాలి. ఆ ప్రయోగశాలలో పనిచేసిన స్కాట్ మోర్‌హౌస్ తర్వాత కాలిఫోర్నియాలోని ఎస్రి కంపెనీలో చేరారు. ఆ కంపెనీ 1982లో విడుదల చేసిన ఆర్క్‌ఇన్ఫోతో ఈ పని ఆఫీసులకి చేరింది. ఇప్పుడు మ్యాపింగ్ సాఫ్ట్‌వేరులో గీత కొసని ఇంకో గీత దగ్గరికి తీసుకెళ్తే టక్కున అతుక్కుంటుందే, ఆ స్నాప్ వెనక ఇంత కథ ఉంది.

దేశమంతా ఒకే వల

డైమ్ పటాలు పెద్ద నగరాలకే ఉండేవి. 1980 లెక్కల్లో పటాలు ఒకచోట, చిరునామాలు ఒకచోట, బ్లాకుల జాబితాలు మరోచోట తయారవడంతో ఒకదానితో ఒకటి పొసగక బ్యూరో నానా అవస్థా పడింది. ఆ అనుభవంతోనే 1990 లెక్కలకి టైగర్ అనే ఒకే భాండాగారం కట్టారు. భౌగోళిక సర్వే సంస్థ వారి లక్షకి ఒకటి స్కేలు పటాల నుంచి రోడ్లు, నదులు, రైలుమార్గాలు తీసుకుని, నగరాల్లో డైమ్ గీతలతో జోడించారు. పటం అంచు దగ్గర ఆగిన రోడ్డు పక్కపటంలో మొదలయ్యే రోడ్డుకి అతకాలి. ఇలా సముద్రం నుంచి సముద్రం దాకా గీతలన్నిటినీ కలిపి దేశమంతటికీ ఒక్క వల అల్లారు.

ఆ గీతలు చాలాచోట్ల అసలు రోడ్డుకి మీటర్ల కొద్దీ పక్కన ఉండేవి. అయినా 1990, 2000 లెక్కలు జరిగిపోయాయి. చోటు తప్పినా చుట్టరికం తప్పలేదు కనుక, ఏ ఇల్లు ఏ బ్లాకుదో తేలింది. చోటు సరిదిద్దే పెద్ద ప్రాజెక్టు 2002లో గానీ మొదలు కాలేదు. ఇళ్ళని ఉపగ్రహ సంకేతాలతో గుర్తించబోయే 2010 లెక్కల కోసం అది అవసరమైంది.

ఫెడరల్ ప్రభుత్వం తయారుచేసిన సమాచారానికి కాపీరైటు ఉండదు. అందుకని టైగర్ గీతలు ఎందరో వాడుకున్నారు. ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ 2004లో మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి 2007, 2008లలో వాటిని ఎక్కించారు. అప్పుడు బయటపడ్డ చిత్రం చూడండి. ఫ్రీవే వంతెన మీదుగా పోతూ కింద ఒక వీధిని దాటుతుంది. బ్లాకులు మూసుకోవాలి కనుక టైగర్‌లో అక్కడా ఒక కూడలే. జనాభా లెక్కకి అందులో దోషం లేదు. దారి చెప్పే యంత్రానికి మాత్రం, ఫ్రీవే మీంచి నేరుగా కింది వీధిలోకి తిరగవచ్చన్నమాట! ఇంకోపక్క, కౌంటీల వారీగా ఎక్కించడంతో కౌంటీ సరిహద్దుల్లో కలవాల్సిన రోడ్లు కలవలేదు. వాటిని వాలంటీర్లు ఏళ్ళతరబడి కూర్చుని విడదీశారు, కలిపారు. ఒక అతుకు సరైనదా కాదా అన్నది, ఆ పటం ఎందుకోసమో తెలిస్తే గానీ చెప్పలేం.

హైదరాబాదు చేతులు

ఈ పనిలో మనవాళ్ళ పాలు ఉంది. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి గారు 1991లో హైదరాబాదులో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ విదేశీ సంస్థలకి పటాలు డిజిటైజ్ చేసి ఇచ్చే పనిలో పేరు తెచ్చుకుంది. ఆ కంపెనీ 2014లో సైయెంట్‌గా పేరు మార్చుకుంది. ఎన్నడూ చూడని ఊళ్ళ గీతలని సముద్రాలకవతల కూర్చుని కలపడం ఆషామాషీ వ్యవహారం కాదు. నీళ్ళ గొట్టం గీత వాల్వు బిందువుకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయిందనుకోండి. గొట్టం పగిలిన రోజున ఏ వాల్వు కట్టాలని అడిగితే కంప్యూటరు తప్పు చెబుతుంది. తెరమీద జూమ్ చేసి ఆ వెంట్రుకవాసిని పూడ్చే మనిషి పేరు ఏ పటం మీదా ఉండదు.

మన లెక్క

1970 లెక్కల్లో భారతీయులని తెల్లవారి కిందే జమకట్టారు. మన సంఘాలవారు పట్టుబట్టగా 1980లో ఏషియన్ ఇండియన్ అన్న గడి వచ్చింది. ఆ ఏడు తేలింది మూడు లక్షల అరవై వేల పైచిలుకు. 2020లో ఆ ఒక్క గడే గుర్తుపెట్టినవాళ్ళు దాదాపు 44 లక్షలు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న 2000 దాకా లెక్కల పెద్దఫారంలో ఉండేది. ఆ తర్వాత అమెరికన్ కమ్యూనిటీ సర్వేలోకి వెళ్ళింది. అందులో తెలుగు అని రాసిన జవాబు తెలుగుగానే లెక్కకొస్తుంది.

గడి కోసం పోరాడినవాళ్ళని మనం తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. కానీ గడిలో గుర్తు పెడితేనే సరిపోదు. ఆ ఫారం ఏ ఇంటి నుంచి వచ్చిందో, ఆ ఇల్లు వీధికి ఏ పక్కదో, ఆ బ్లాకు నాలుగువైపులా మూసుకుందో లేదో ఎవరో చూసి ఉండాలి. అక్కడ గీత తెగితే, పాఠశాల బోర్డు నుంచి కాంగ్రెసు దాకా గీసే నియోజకవర్గాల్లో ఆ కుటుంబం పక్కవాళ్ళ ఖాతాలో పడుతుంది, లేదా ఎవరి ఖాతాలోనూ పడదు. మనం ఎంతమందిమో ఫారం చెబుతుంది. ఎవరికి ఇరుగుపొరుగువాళ్ళమో ఆ గీతలు చెబుతాయి. ఒక దేశంలో మనకంటూ చోటుందని అనడానికి ఈ రెండు సాక్ష్యాలూ కలవాలి.