మాల్ట్ అనే మాట కంటే ముందే మొలకెత్తిన మన చోళ్ళు



తుళ్లూరు చుట్టూ పత్తి, మిర్చి పొలాలే. చోడి చేను కంటికి కనపడదు. అయినా మా హాస్టల్ గ్లాసులోకి "రాగి మాల్ట్" వస్తూనే ఉంటుంది. ఇక్కడివాళ్ళు రాగులంటారు, మన మన్యంలో చోళ్ళంటాం. అసలు ఈ మాల్ట్ అంటే ఏంటని మా గదిలో మొదలైన చర్చే ఈ పోస్టు.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ, అంతే. గింజలో ఉండే పిండిని ఈస్ట్ తినలేదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు ఆ పిండిని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైములు పుడతాయి. సరిగ్గా అప్పుడే ఎండబెట్టి మొలకని ఆపేస్తే ఆ శక్తి గింజలోనే నిలిచిపోతుంది. బార్లీ బీరుకి మూలం ఇదే. దక్షిణాఫ్రికాలో నాటు బీరు కాచేది జొన్న మాల్ట్‌తో. గుంటూరు నల్లరేగడిలో పండే జొన్నే అది!

ఇప్పుడు కోరాపుట్, బస్తర్ వైపు మన ఆదివాసీలు చేసే లందా చూడండి. చోళ్ళు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పొడి చేస్తారు. బియ్యప్పిండిని విడిగా ఆవిరి మీద ఉడికిస్తారు. అది చల్లారాకే మొలకపొడి కలిపి, నీళ్ళు పోసి, కుండలో కొన్ని రోజులు పులియబెడతారు. చల్లారాకే ఎందుకు? మరిగే వేడికి ఎంజైములు చచ్చిపోతాయి, పిండి పిండిగానే ఉండిపోతుంది. లాబ్‌లో మనం చదువుకునే సంగతి మన అమ్మమ్మలు చేత్తో ముట్టుకుని తెలుసుకున్నారు.

వేయించడం సంగతీ ఇంతే. 1817లో లండన్‌లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ని నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ నల్ల మాల్ట్ బీరుకి రంగు, చేదు ఇస్తుంది గానీ పిండిని చక్కెరగా మార్చలేదు. అందుకే కొంచెమే వేసి, మిగతాది లేతగా ఆరబెట్టిన మాల్ట్ వాడతారు. ఇంట్లో రాగి మాల్ట్ చేసేవాళ్ళూ మొలకల్ని దోరగా వేయిస్తే చాలు, మాడిస్తే వాసన మిగులుతుంది, పని పోతుంది. మొలకపిండితో కాచిన జావ పలచగా ఉంటుంది కాబట్టి పిల్లలకి అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టించొచ్చు. మొలకెత్తని పిండి జావనీ మాల్ట్ అనే పిలుస్తున్నారు, అది వేరే కథ.

వీలర్ పేరు పుస్తకాల్లో ఉంది. లందా చేసే ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. కాగితాల్లో మనం కనపడేది పన్ను కట్టాల్సినవాళ్ళుగా, లేదంటే నేరస్తులుగా. 1879 రంప తిరుగుబాటు గుర్తుచేసుకోండి. అక్కడ గొడవ గింజది కాదు, చెట్టు కల్లుది. సొంతానికి గీసుకునే కల్లుకి కూడా గుత్తేదారుకి కట్టాలన్నారు. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు లేవడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. తర్వాత 1886 మద్రాసు అబ్కారీ చట్టం కల్లు, బీరు, సారా అన్నిటినీ "లిక్కర్" అనే ఒకే మాట కింద కట్టేసింది. బట్టీ సారాకీ, పుల్లటి గంజిలాంటి లందాకీ చట్టం ముందు పేరు ఒక్కటే అయింది.

తాగుడు మంచిదని మేం అనట్లేదు. సారా ప్యాకెట్లు గూడేల్ని ఏం చేశాయో మన పెద్దోళ్ళకి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచింది కూడా గుత్తేదారు అమ్మే సారా మీదే. అమ్మకానికి వచ్చే సారా వేరు, పండక్కి ఇంట్లో పులిసే కుండ వేరు. ఆ తేడా తేల్చే దారి 1996 పెసా చట్టంలో ఉంది. మత్తు పదార్థాల్ని నిషేధించాలో, నియంత్రించాలో చూసే అధికారం గ్రామసభకి ఉండాలని అది చెప్తుంది. మన ఊళ్ళలో ఈ విషయం గ్రామసభ ముందుకి ఎన్నిసార్లు వచ్చిందో అడిగి చూడండి.

ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దోళ్ళని ఇంకోటి కూడా అడగండి. చోళ్ళు ఎన్ని రోజులు మొలకెత్తిస్తారు, చలికాలం అయితే ఎంత, మీ భాషలో ఆ మొలకపొడిని ఏమంటారు. ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి.