తీసుకున్నోడే పంచేవాడు

ఇంటర్నెట్‌లో ఒక పెద్ద ఫైలును వేలమందికి పంచడం ఒకప్పుడు పెద్ద ముసీబత్. రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు అందరూ ఒక్క సర్వర్ దగ్గరే ఖతార్ కట్టాలి. జనం పెరిగేకొద్దీ దుకాణమే కూలబడేది.

1999లో నాప్‌స్టర్ వచ్చింది. పాటలు జనం కంప్యూటర్ల మధ్య నేరుగానే నడిచాయి గానీ, ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే ఫెహరిస్త్ మాత్రం కంపెనీ గుప్పిట్లోనే ఉండేది. మ్యూజిక్ కంపెనీలు అదాలత్‌కెక్కాయి. 2001 జూలైలో ఆ దుకాణం బంద్.

అదే నెలలో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ బిట్‌టొరెంట్‌ను బయటికి తెచ్చాడు. అతని దిమాగ్‌కు సలామ్! ఫైలును ముక్కలు చేశాడు. నా దగ్గర మూడో ముక్క, మీ దగ్గర ఏడోది; ఇచ్చిపుచ్చుకుంటాం. అందరిలోనూ అరుదైన ముక్కనే ముందు అడగాలన్నది ఉసూల్. ప్రతి ముక్కకూ వేలిముద్రలాంటి ఒక హ్యాష్ ఉంటుంది. ఎవరో అజ్నబీ కల్తీ ముక్క అంటగడితే అక్కడే దొరికిపోతాడు. ఇచ్చినవాళ్లకే ఇవ్వడం ఇక్కడి హిసాబ్. మరి ఇప్పుడే వచ్చిన గరీబ్ దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది? అందుకే 30 సెకన్లకోసారి లెక్క చూడకుండా ఎవరో ఒకరికి పెట్టే ఏర్పాటు కూడా చేశాడు. నాకైతే ఖైరాత్ గుర్తొచ్చింది.

2003లో రెడ్‌హ్యాట్ లినక్స్ 9ను ఇలాగే పంచారు. 1.77 జీబీ ఫైలు. అయిదు నెలల్లో 1,80,000 కంప్యూటర్లు ఆ గుంపులో చేరాయి, 50,000కు పైగా మొదటి అయిదు రోజుల్లోనే.

సినిమాల చోరీ కూడా ఈ దారినే నడిచింది, దాచేదేం లేదు.

తన ఫైలు పూర్తయ్యాక కూడా పోకుండా పంచుతూ కూర్చునేవాడిని సీడర్ అంటారు. ఆఖరి సీడర్ పోయాక, మిగిలినవాళ్ల ముక్కలన్నీ కలిపినా ఒక్కటి తక్కువైతే ఆ ఫైలు ఇక దొరకదు. యమామా జంగ్‌లో ఎందరో హాఫిజ్‌లు షహీదైనప్పుడు హజ్రత్ ఉమర్‌కు పట్టుకున్న ఫికర్ ఇలాంటిదే. ఆ తర్వాతే అబూబక్ర్ సిద్దీఖ్ ఖురాన్‌ను ఒకచోట రాయించే పని జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించారు.

దర్గా మెహఫిల్‌లో ఎవరో రికార్డు చేసిన ఖవ్వాలీల టొరెంట్ ఒకటి నా కంప్యూటర్‌లో 97 శాతం దగ్గర ఆగి ఏళ్లయింది. మిగిలిన మూడు శాతం ఎవరింట్లో, ఏ పాత హార్డ్‌డిస్కులో పడుందో. రాత్రిళ్లు దాన్ని ఆన్ చేసే ఉంచుతున్నా. కరెంటు బిల్లు చూసి ఇంట్లో వాళ్లు గొణుగుతున్నారు.